పడవ మీంచి గాలిపటంతో ఏరియల్ వీడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో గాలిపటాల గురించి చెప్పేవాళ్లు దొరికారు, పడవల గురించి చెప్పేవాళ్లూ దొరికారు. రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పేవాళ్లే దొరకలేదు. అది నీళ్లలో తడిసి, దారాలు తెంపుకుని నేర్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

డ్రోన్ ఉండగా గాలిపటం ఎందుకు?

నేల మీద అయితే చాలా పనులకి డ్రోనే మేలు, ఒప్పుకుంటాను. పడవ మీద లెక్క మారుతుంది. డ్రోన్ పైకి లేచిన చోటు ఒకటి, దిగేసరికి పడవ ఉండే చోటు ఇంకొకటి. బ్యాటరీ అయిపోయి ‘ఇంటికి’ తిరిగొచ్చే డ్రోన్, మామూలుగా తను లేచిన చోటికే వస్తుంది. అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండవు. ఊగే డెక్ మీంచి లేపేటప్పుడు దాని సెన్సర్లు తికమకపడతాయి. చివరికి తిరిగే రెక్కల కింద చెయ్యి చాపి పట్టుకోవాలి.

గాలిపటానికి ఈ గొడవ లేదు. అది పడవకి కట్టేసి ఉంటుంది, పడవ ఎటు పోతే అటే వస్తుంది. కెమెరా బ్యాటరీ ఉన్నంతసేపూ వీడియో వస్తూనే ఉంటుంది. చప్పుడు దాదాపు ఉండదు. ఒకే ఒక్క పరిమితి ఏంటంటే, పటం ఎప్పుడూ గాలివాటానే ఉంటుంది. పడవని ఏ పక్క నుంచి తియ్యాలో గాలి చెబుతుంది, మనం కాదు.

ఇదేమైనా కొత్త పద్ధతా?

కాదు. 1888లో ఆర్థర్ బటూ అనే ఆయన ఫ్రాన్స్‌లో గాలిపటానికి కెమెరా కట్టి పై నుంచి ఫొటో తీశాడు. 1906లో భూకంపం తర్వాత శిథిలమైన శాన్‌ఫ్రాన్సిస్కో నగరాన్ని జార్జ్ లారెన్స్ 17 గాలిపటాల వరసతో 20 కిలోలకి పైబడిన కెమెరాని లేపి, సుమారు 2,000 అడుగుల ఎత్తు నుంచి తీశాడు. పడవకీ గాలిపటానికీ చుట్టరికం కూడా పాతదే. 1903లో శామ్యూల్ కోడీ గాలిపటం లాగే పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కూలిన విమాన సిబ్బంది కోసం తయారైన అత్యవసర రేడియోతో పాటు పెట్టె ఆకారపు గాలిపటం ఒకటి ఇచ్చేవారు. రబ్బరు తెప్ప మీంచి దాని యాంటెన్నా తీగని పైకి లేపడానికి అది.

ఎంత గాలి ఉండాలి?

గంటకి 12 నుంచి 25 కిలోమీటర్ల మధ్య గాలి హాయిగా ఉంటుంది. అయితే ఈ అంకె పటం మీద వీచే గాలిది. వాతావరణ సూచనలో కనిపించే గాలిది కాదు. పడవ మీద ఈ రెండూ ఒకటి కావు. ఈ ఒక్క ముక్క సరిగ్గా బుర్రకెక్కితే మిగతా పేజీ చదవకపోయినా సగం పని వచ్చినట్టే.

గాలి గంటకి 15 కిలోమీటర్లు అనుకోండి. పడవ గంటకి 8 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలికి పోతుంటే పటానికి తగిలే గాలి 23. అదే పడవ వెనక్కి తిరిగి వాలుగాలికి పోతే పటానికి తగిలేది 7. బయట గాలి ఏమీ మారలేదు, పడవ తిరిగింది అంతే. పైగా పటం లాగే బలం గాలి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 23కీ 7కీ మధ్య లాగుడులో తేడా పది రెట్ల పైనే. ఎదురుగాలికి దారం బిగుసుకుని ‘జుయ్’మని మోగుతుంటుంది. పడవ అటు తిరగ్గానే అదే దారం చీర కొంగులా జారిపోతుంది.

అందుకే నేనెప్పుడూ చెప్పేది ఒకటే: పడవ మీద గాలిపటాన్ని ఎగరేసేది దారం పట్టుకున్న మనిషి కాదు, చుక్కాని పట్టుకున్న మనిషి. దారం పట్టుకున్నవాడు సర్దుకుంటాడు, అంతే. చుక్కాని దగ్గర ఉన్నవాళ్లకి ఈ సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పాలి. వాళ్లు ఎటు తిప్పబోతున్నా ముందు గట్టిగా కేకేసి చెప్పాలి. మీరు ‘సరే’ అన్నాకే తిప్పాలి.

నాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. మొదట్లో ఒక రోజు పటం చక్కగా నిలబడింది, కెమెరా పైన ఉంది, నేను ఫోన్‌లో చూసుకుంటున్నాను. పడవ నడుపుతున్న స్నేహితుడు ఎండ ముఖం మీద పడుతోందని మెల్లిగా పక్కకి తిప్పాడు. తప్పు తనది కాదు, నేనేమీ చెప్పలేదు. దారం వదులైంది. తలెత్తి చూసేసరికి పటం ఆకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగుతోంది. కెమెరా నీళ్లని తాకింది, మళ్లీ లేచింది, మళ్లీ తాకి మునిగింది. ఆ వీడియో ఇంకా నా దగ్గర ఉంది. కొత్తవాళ్లకి మొదట అదే చూపిస్తాను.

గాలి అస్సలు లేకపోతే?

మోటారు బోటయితే గాలిని మనమే పుట్టించుకోవచ్చు. నిశ్చలంగా ఉన్న రోజున గంటకి 15 కిలోమీటర్ల వేగంతో పోతే పటానికి 15 కిలోమీటర్ల గాలి తగులుతుంది, అది కూడా ఒడిదుడుకులు లేని నికార్సైన గాలి. ఇలా తీసిన వీడియోలే నావాటిలో అన్నిటికంటే నిలకడగా వచ్చాయి. కానీ ఆగడానికి లేదు. ఆగితే పటం పడుతుంది. మలుపు తిరగాలంటే పెద్ద వలయంలా తిరగాలి. ఇంధనం ఎంత ఉందో చూసుకుని మొదలుపెట్టండి.

ఏ రకం పటం వాడాలి?

నేను ఎక్కువగా వాడేది రొక్కాకు. ఆరు భుజాల జపాన్ పటం, పేరుకి అర్థం కూడా అదే. బరువు బాగా మోస్తుంది, నిలకడగా నిలబడుతుంది, నీళ్లలో పడితే ఒకట్రెండు నిమిషాలైనా పైన తేలుతుంది. రెండు మీటర్ల ఎత్తున్న రొక్కాకు మామూలు గాలిలో చిన్న యాక్షన్ కెమెరాని అవలీలగా లేపుతుంది. గాలి తక్కువైతే త్రికోణం ఆకారంలో ఉండే డెల్టా పటం మంచిది. తేలిగ్గా లేస్తుంది, నిటారుగా ఎగురుతుంది.

పుల్లలు లేని మెత్తటి పటాలు, అంటే గాలి నింపుకుని ఎగిరేవి, సంచిలో మడిచి పెట్టుకోవచ్చు కాబట్టి చాలామంది పడవ మీదికి అవే తెస్తారు. గాలి ఎక్కువున్నప్పుడు నిజంగా బాగుంటాయి. కానీ నీళ్లలో పడితే లోపల నీళ్లు నిండి బకెట్‌లా తయారవుతాయి. కదిలే పడవ నుంచి దాన్ని లాగడం ఇద్దరి పని. తెలిసి తెచ్చుకోండి.

ఏ పటమైనా తోక కట్టండి. అందం కోసం కాదు. తోక పటాన్ని పక్కలకి పోనివ్వదు, కెమెరాకి కావాల్సింది ఆ నిలకడే.

దారం ఏది?

గాజుపొడి పూసిన మాంజా వద్దే వద్దు. మనిషి మెడకీ పక్షి రెక్కకీ ప్రమాదం. పడవ తాళ్లని, తెరచాపని కూడా కోస్తుంది.

మిగిలినవి రెండు. అల్లిన పాలిస్టర్ దారం కాస్త లావుగా ఉంటుంది, చేతికి పట్టు ఉంటుంది, ముడి నిలుస్తుంది, నీళ్లలో మునుగుతుంది. డైనీమా (ఒక రకం పాలిథిలిన్ దారం) సన్నగా, చాలా బలంగా ఉంటుంది, దాదాపు సాగదు, నీళ్ల మీద తేలుతుంది. కానీ జారుతుంది, లాగుడు పెరిగితే వేళ్లని కోస్తుంది, రాపిడికి కరుగుతుంది కూడా. కొత్తవాళ్లకి నా సలహా పాలిస్టరే. 70 నుంచి 100 కిలోలు తట్టుకునేది తీసుకోండి. పటం అంత లాగదు, కానీ ముడి వేసిన చోట దారం బలం సగానికి పడిపోవచ్చు. ఉప్పు, ఎండ, రాపిడి మిగతాది తినేస్తాయి.

తోలు చేతితొడుగులు లేకుండా దారం ముట్టుకోవద్దు. నా కుడి చూపుడువేలు మీద సన్నటి గీత ఒకటి ఇప్పటికీ ఉంది. ‘ఒక్క నిమిషమే కదా’ అనుకున్న రోజుది అది.

దారాన్ని పడవకి ఎక్కడ కట్టాలి?

వెనకభాగంలో, వీలైనంత కిందికి, గట్టి ఆధారానికి. తాడు చుట్టే కొక్కెం ఉంటే అదే సరిపోతుంది. చేతికి చుట్టుకోవడం, నడుముకి కట్టుకోవడం ఎప్పుడూ చెయ్యకూడదు. తెరచాప స్తంభం పైన కట్టాలని చాలామందికి అనిపిస్తుంది, ఎత్తు కలిసొస్తుందని. అలా కడితే అల వచ్చి పడవ ఒరిగిన ప్రతిసారీ స్తంభం కొన పెద్ద వంపు తిరుగుతుంది. ఆ కుదుపు దారం గుండా నేరుగా కెమెరాకి చేరుతుంది. కింద కడితే కుదుపు తక్కువ. దారానికీ కొక్కేనికీ మధ్య ఒక మీటరు సాగే తాడు పెడితే ఇంకా తగ్గుతుంది.

పక్కనే కత్తి ఉండాలి. జేబులో కాదు, చెయ్యి చాపితే అందే చోట.

కెమెరాని ఎలా వేలాడదీయాలి?

పటానికి నేరుగా కట్టొద్దు. పటం వణికితే వీడియో అంతా వణుకుతుంది. పటం కింద 20–25 మీటర్ల దారం వదిలి, అక్కడ దారానికి కెమెరా సరంజామా తగిలించాలి.

తగిలించే పద్ధతుల్లో నాకు ఇష్టమైనది పికావే. 1912 ప్రాంతంలో పియర్ పికావే అనే ఫ్రెంచి ఆయన చేసిన ఏర్పాటు, ఇప్పటికీ దాన్ని మించింది నేను చూడలేదు. రెండు సన్నటి పుల్లల్ని కూడిక గుర్తులా బిగించండి. నాలుగు కొసలకీ నాలుగు చిన్న రింగులు. గాలిపటం దారం మీద ఒకటిన్నర మీటరు దూరంలో రెండు కొక్కేలు, వాటికీ రింగులు. ఇప్పుడు ఒకే ఒక్క పొడవాటి సన్న దారం తీసుకుని పై రింగు నుంచి కింది రింగుకి, అక్కడి నుంచి మళ్లీ పైకి, ఇలా అన్నిటి గుండా పోనిచ్చి చివరికి మొదటి కొసతో ముడి వేస్తారు. కెమెరా ఆ కూడిక గుర్తు మధ్యలో కింద ఉంటుంది. పై దారం ఏటవాలు మారినప్పుడు ఈ సన్న దారం రింగుల్లో జారి సర్దుకుంటుంది. కూడిక గుర్తు మాత్రం నేలకి సమాంతరంగానే ఉంటుంది. చేతిలో పట్టుకుని దారాన్ని పైకీ కిందికీ వంచి చూడండి, కెమెరా పళ్లెంలో నీళ్లలా సమంగా ఉండటం కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను పావుగంట అలా వంచుతూనే కూర్చున్నాను.

పడవ మీద దీనికి ఒకే ఒక్క చిక్కు: విప్పదీసి సంచిలో పడేస్తే దారం చిక్కుపడుతుంది. ఒక అట్టముక్కకి చుట్టి పెట్టుకోండి.

కెమెరాకి రెండో కట్టు తప్పనిసరి. కొక్కెం ఊడినా కెమెరా గాలిపటం దారానికి వేలాడేలా విడిగా ఒక తాడు కట్టండి. దానికి కళ్లకి కొట్టొచ్చే రంగు నురుగు ముక్క కూడా కడితే, నీళ్లలో పడ్డా తేలుతూ కనిపిస్తుంది.

ఎంత ఎత్తుకి పంపాలి?

అందరూ అనుకునేదానికంటే తక్కువ. 90 డిగ్రీల కోణం ఉన్న లెన్స్‌తో 40 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి చూస్తే 80 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అందులో పది మీటర్ల పడవ ఎనిమిదో వంతు. ఇంకా పైకి పోతే పడవ బియ్యపు గింజ అవుతుంది. పడవే కథ అయితే 20–25 మీటర్లు చాలు. తీరం రేఖ, నీళ్ల కింది రాళ్లు, అలల గీతలు కావాలంటే 40–50.

లెక్కకి: 80 మీటర్ల దారం 45 డిగ్రీల ఏటవాలులో ఉంటే పటం ఎత్తు సుమారు 56 మీటర్లు. పటం నుంచి దారం వెంట 25 మీటర్లు కిందికి వచ్చి కట్టిన కెమెరా ఎత్తు సుమారు 39. దారం మీద ప్రతి పది మీటర్లకీ రంగు గుర్తు వేసుకుంటే ఇది కళ్లతోనే చెప్పెయ్యొచ్చు.

వీడియో వణక్కుండా ఉండాలంటే ఏ సెట్టింగులు పెట్టాలి?

విశాలమైన కోణం, సెకనుకి 60 ఫ్రేములు, షట్టర్ సెకనులో 500వ వంతు లేదా అంతకంటే వేగం. సినిమాల్లో కదలికకి కాస్త మసక బాగుంటుందని నెమ్మది షట్టర్ వాడతారు. ఇక్కడ అది పనికిరాదు. తర్వాత కంప్యూటర్లో కుదుపు తీసెయ్యాలంటే ప్రతి ఫ్రేమూ పదునుగా ఉండాలి. మసక ఫ్రేముని ఎంత సర్దినా మసక అక్కడే ఉంటుంది.

ఇంకొకటి, ఇది చాలామందిని ఇబ్బంది పెట్టే విషయం. బొమ్మలోని గుర్తుల్ని పట్టుకుని కుదుపు తగ్గించే సాఫ్ట్‌వేర్ నేల మీద బాగానే పనిచేస్తుంది. నీళ్ల మీద దానికి పట్టుకోవడానికి స్థిరమైనది ఏదీ దొరకదు. అలని గుర్తు అనుకుని దాని వెంట పోతుంది, వీడియో మైకం వచ్చినట్టు తయారవుతుంది. కెమెరా ఎంత తిరిగిందో కొలిచే గైరో సెన్సర్ అందులోనే ఉంటుంది, దాని లెక్కతో సరిచేసేది వాడండి. క్షితిజరేఖని సమంగా ఉంచే సౌకర్యం ఉంటే ఆన్ చెయ్యండి.

ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) రెండూ లాక్ చెయ్యాలి. లేకపోతే నీటి మెరుపు ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ పడవ నల్లబడుతుంది. 360 డిగ్రీల కెమెరా కొనగలిగితే దిక్కుల టెన్షన్ తీరిపోతుంది. అన్ని వైపులా తీసేసి, ఏది చూపించాలో తీరిగ్గా ఎంచుకోవచ్చు.

రికార్డింగ్ డెక్ మీదే మొదలుపెట్టి పైకి పంపండి. చిన్న కెమెరాల వైఫై ఆ దూరం నమ్మకంగా అందదు.

వీడియోలో దారం కనిపిస్తోంది. తప్పించొచ్చా?

కెమెరా దారానికే వేలాడుతోంది, దారం పడవకే చేరుతోంది. పడవని చూసే కెమెరాకి దారం కనిపించక మానదు. కెమెరాని 20–30 డిగ్రీలు పక్కకి తిప్పి పడవని ఫ్రేము అంచుకి జరిపితే దారం చాలావరకు బయటికి పోతుంది. నేనైతే తియ్యను. ఆ సన్నటి గీత ఆకాశం నుంచి ఎవరి చేతిలోకి దిగుతోందో కనిపిస్తేనే బొమ్మ నాకు పూర్తయినట్టు ఉంటుంది.

ఎగరేసే క్రమం ఏంటి?

ముందు పటం ఒక్కటే. కెమెరా లేకుండా 25 మీటర్లు వదిలి అయిదు నిమిషాలు చూడండి. పక్కలకి గుంజుతోందా, దారం ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతోందా? అలాగైతే దించి సూత్రం (పటానికి దారం తగిలించే కట్టు) సరిచెయ్యండి లేదా తోక పెంచండి. నిలకడగా నిలబడితేనే కెమెరా తగిలించండి.

పడవ ఎదురుగాలికి నెమ్మదిగా పోతుండాలి. అప్పుడు పటం వెనక్కి, పడవకి దూరంగా లేస్తుంది. క్యాబిన్, తెరచాపల వెనక గాలి సుడులు తిరుగుతుంది. ఆ మొదటి కొద్ది మీటర్లు త్వరగా దాటించాలి. కనీసం ముగ్గురు కావాలి: చుక్కానికి ఒకరు, దారానికి ఒకరు, కెమెరాకి ఒకరు. ముందేం వస్తోందో చూసుకునే పని చుక్కాని మనిషిదే, తను పటం వైపు చూడకూడదు.

మొదటి రోజు మాత్రం లంగరు వేసి చెయ్యండి. లంగరు వేసిన పడవ తనంతట తనే ముఖం గాలికి తిప్పుకుంటుంది, పటం వెనక్కి లేస్తుంది. నేల మీద ఎగరేసినంత తేలిక.

పటం నీళ్లలో పడిపోతే?

మొదటి పని: ఇంజను న్యూట్రల్. దారం లాగడం కాదు, కెమెరా కోసం చూడటం కాదు, న్యూట్రల్. తిరిగే ప్రొపెల్లర్ దారాన్ని క్షణంలో చుట్టేస్తుంది. అప్పుడు పోయేది పటం ఒక్కటే కాదు, పడవ కూడా నిలిచిపోతుంది. పాలిస్టర్ దారమైతే మునిగి పడవ కిందికి వస్తుంది, డైనీమా అయితే పైన తేలుతూ వస్తుంది. రెండూ ప్రమాదమే. దారమంతా చేతికి వచ్చేదాకా గేరు వెయ్యకండి. పటాన్ని ఒక కొస పట్టి లాగితే నీళ్లు జారిపోతాయి. మధ్యలో పట్టి లాగితే పుల్ల విరుగుతుంది.

లాగుడు మరీ ఎక్కువైతే దారం వదిలెయ్యొచ్చా?

వద్దు. వదిలితే పటం వెంటనే పడిపోతుందని అనుకుంటారు. నీళ్ల మీద అలా జరక్కపోవచ్చు. దారం కొస నీళ్లలో ఈడ్చుకుపోతూ లంగరులా పనిచేస్తుంది, పటం అలాగే ఎగురుతూ ఎవరి పడవ మీదికో, తీరంలో కరెంటు తీగల మీదికో పోతుంది. లాగుడు ఎక్కువైతే పడవనే పటం వైపు తిప్పండి. పటం మీద గాలి తగ్గుతుంది, లాగుడు సగానికి పైగా చచ్చిపోతుంది. మొదట్లో నా కెమెరాని ముంచింది ఇదే మలుపు. ఇప్పుడు ప్రతిసారీ పటాన్ని దించేది కూడా ఈ మలుపుతోనే: చుక్కాని మనిషి నెమ్మదిగా పటం వైపు నడుపుతుంటే, దారం మనిషి వదులు పడకుండా చుడుతూ పోవాలి. ఇద్దరి వేగం కుదిరితే గాలి గట్టిగా ఉన్న రోజున కూడా ఒక్క చేత్తో దించొచ్చు.

పడవకే ప్రమాదం అనిపిస్తే కొయ్యడమే. కత్తి అక్కడ పెట్టింది అందుకే.

కయాక్ మీంచి చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, చిన్న పటంతో. దారం కట్టే చోటు కూర్చునే చోటికి దగ్గరగా, నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి. ఎత్తులో కడితే పక్కగాలికి బోర్లా పడుతుంది. ఒక్క గుంజుతో ఊడే ముడి వెయ్యండి, లైఫ్‌జాకెట్ వేసుకోండి, తోడుగా ఇంకో పడవ ఉండాలి. ఒంటరిగా నేను వెళ్లను.

అనుమతులు కావాలా?

దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 60 మీటర్లు దాటితే అనుమతి కావాలి. అమెరికాలో 5 పౌండ్లు దాటిన పటాలకి ప్రత్యేక నియమాలు ఉన్నాయి, 500 అడుగుల హద్దు, విమానాశ్రయానికి 5 మైళ్ల దూరం లాంటివి. బరువు తక్కువైనా ఎవరికీ ప్రమాదం కలిగించకూడదన్న నియమం ఉండనే ఉంది. మీరు ఎగరేసే చోట పౌర విమానయాన నిబంధన, రేవు నిబంధన రెండూ చదవండి.

హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే ఆలోచించకుండా దించెయ్యండి. నదులు, కాలువలు దాటే హైటెన్షన్ తీగలు దూరం నుంచి కనిపించవు, పటంలో ముందే చూసుకోవాలి (ఇక్కడ పటం అంటే మ్యాప్). ఉరుము వినిపిస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. తడి దారం, కార్బన్ పుల్లలు విద్యుత్తుకి దారి ఇస్తాయి.

పక్షులకి ఇబ్బందా?

గూళ్లు ఉన్న చోట ఇబ్బందే. పటం నీడ వాటికి గద్దలా కనిపిస్తుంది. గుడ్లు పొదిగే కాలంలో ఆ దరిదాపుల్లో ఎగరెయ్యను. మిగతా చోట్ల దారానికి అక్కడక్కడ రంగు రిబ్బన్లు కడితే పక్షులు తప్పుకుంటాయి.

ఇంటికొచ్చాక ఏం చెయ్యాలి?

అన్నీ మంచినీళ్లలో కడగాలి. పటం, దారం, రింగులు, దారం చుట్టే చరఖా, కెమెరా కేసు, అన్నీ. ఉప్పు ఆరితే దారంలో గరుకు రేణువులవుతుంది, రింగుల్ని పట్టేస్తుంది. దారాన్ని చరఖా నుంచి పూర్తిగా విప్పి, నీడలో వదులుగా ఆరబెట్టి, వేళ్ల మధ్య నుంచి పోనిస్తూ తిరిగి చుట్టండి. ఎక్కడైనా నూగులా లేచినట్టు తగిలితే ఆ ముక్క కోసెయ్యండి. కెమెరా లెన్స్ మీద ఉప్పు చుక్కల్ని పొడిగుడ్డతో తుడవొద్దు, గీతలు పడతాయి. ముందు నీళ్లు పొయ్యండి, తర్వాత గుడ్డ.